మే నెలలో ఆరని ఊట

రేయ్ మచ్చా,

ఎలా ఉన్నావు? ఫోన్లో చెబుదామంటే సగంలోనే నీకు మీటింగ్ అంటావు, అందుకే రాస్తున్నా. రాత్రి భోంచేశాక తీరిగ్గా చదువు.

పోయిన ఆదివారం భాకరాపేట వైపు మా మామ వాళ్ల ఊరికి పోయాను. ఊరు దాటాక కొండ కింద ఒక వంక ఉంది కదా, నువ్వు కూడా ఒకసారి వచ్చావు, అయితే మనం అప్పుడు రోడ్డు పక్క కల్వర్టు దగ్గరే ఆగిపోయాం. ఈసారి లోపలికి, అడవి అంచు దాకా నడిచాం. వానలకు ఆ వంక పొంగి చెట్ల మధ్యకు పరుచుకుంటుంది, 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగి మనందరినీ భయపెట్టిందే, అప్పుడు పడిన ఇసుక మేటలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఇప్పుడు వంక ఎండిపోయి రాళ్లు కాలుతున్నాయి. తిరుపతిలో 40 డిగ్రీలు దాటింది, ఊళ్లో బోర్లు గాలి కక్కుతున్నాయి. అలాంటిది నేరేడు, మద్ది చెట్ల గుంపులోకి అడుగుపెట్టగానే కాలు బురదలో దిగబడింది!

ఆ బురద మధ్యలో ఉందిరా ఊట. పెద్దదేం కాదు, మన ఇంట్లో అన్నం తినే పీటలు నాలుగు పరిస్తే ఎంతో అంత. లోతు మోకాలి కిందికే. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే, రాలిన మద్ది ఆకు నీడ అడుగున ఇసుక మీద కదులుతుంటే కనబడింది. అడుగున రెండు మూడు చోట్ల ఇసుక లేచి పడుతూ ఉంది, ఎసట్లో బియ్యం కుతకుతలాడినట్టు, కానీ చప్పుడు లేకుండా. ఆ ఇసుక మీద వేలు పెడితే కింద నుంచి నీళ్లు మెత్తగా తోస్తున్నట్టు తెలిసింది. చల్లగా ఉంది. చలికాలంలో ఇవే నీళ్లు వెచ్చగా ఉంటాయట, భూమి లోపల ఎండా చలీ పెద్దగా తెలియవు కాబట్టి.

మేకలు తోలుకొచ్చిన ఒక అవ్వ నన్ను చూసి "చెప్పులు ఇడిసి దిగు నాయినా" అంది. వెంటనే విడిచాను.

పక్కన మురికిగుంటలో నీటి మీద నూనె తెట్టులాంటిది కనబడి, ఎవరో డీజిల్ పోశారేమోనని టెన్షన్ పడ్డాను. మామ పుల్లతో కదిపాడు. అద్దం పగిలినట్టు ముక్కలైంది. నూనె అయితే మళ్లీ కలుసుకుంటుంది, ఇది కలవలేదు. ఊట నీళ్లల్లో ఇనుము ఉంటే దాన్ని తిని బతికే బ్యాక్టీరియా కట్టే పొర అది. కింద బురద ఎర్రగా తుప్పు రంగులో ఉండేదీ అందుకే.

ఇంత ఎండలో నీళ్లు ఎక్కడివి అంటావా? శేషాచలం కొండల పైన ఉండే రాయి నిండా పగుళ్లు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు పడే వాన ఆ పగుళ్లల్లోకి దిగుతుంది, కింద నీళ్లు దిగని గట్టి రాయి తగలగానే పక్కకు మళ్లి, కొండ పాదం దగ్గర దొరికిన సందులో బయటికొస్తుంది. అంటే నేను దోసిట్లో పట్టింది ఎప్పుడో పైన కురిసిన వాన.

ఇక అసలు సంగతి. ఊట చుట్టూ సిమెంటు తొట్టి కట్టాలని ఊళ్లో అనుకుంటున్నారు. వాళ్ల కష్టం నిజమే, బిందెడు నీళ్లకు ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నారు, నేను కాదనలేను. కానీ మా తాత ఊళ్లో ఇలాగే ఒక ఊటకు శుభ్రంగా ఉంటుందని అడుగున కూడా కాంక్రీటు పోశారు. మరుసటి ఎండాకాలానికి తొట్టి ఎండింది, నీళ్లు కింద వంకలోకి వేరే దారి చూసుకున్నాయి. ఆ తొట్టిలో ఇప్పుడు ఎండుటాకులు. మా తాత పోయేదాకా ఆ మాట చెప్పి బాధపడేవాడు.

జల వచ్చే చోటును అలాగే వదిలేసి, నీళ్లు పొర్లి పారే చోట, పది అడుగుల దిగువన తొట్టి పెట్టుకుంటే సరిపోదా? ఊట దగ్గర దుప్పి అడుగులు చూశాను, పక్కనే పిడికెడంత ఎండ్రకాయ బొక్క. వాటికీ నీళ్లు కావాలి కదా. సిక్కింలో 2008 నుంచి ధారా వికాస్ అని చేస్తున్నారు, ఊట జోలికి పోకుండా పైన కొండ మీద కందకాలు తవ్వి వాన నీళ్లు ఇంకేలా చూస్తారు. మామకు ఇది చెబితే "నువ్వు చెబితే ఎవరు వింటారు, ఇంజనీర్ ఎవరైనా చెప్పాలి" అన్నాడు.

అందుకే నువ్వు రావాలి. సివిల్ చదివినవాడివి, నీ మాట వింటారు. వచ్చే నెల మొదటి ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటారట, శనివారం రాత్రి బస్సెక్కితే పొద్దున్నే దిగుతావు, బస్టాండుకు బండి తీసుకొస్తా. ఒక చిన్న గీత గీసుకుని రా, తొట్టి ఎక్కడ, పైపు ఎక్కడ అని, కాగితం మీద చూపిస్తే తొందరగా అర్థమవుతుంది. ఒక్కటి మాత్రం, ఈ చోటు మన బ్యాచ్ గ్రూపులో పెట్టొద్దు. పెడితే మరుసటి ఆదివారానికే అక్కడ బిర్యానీ పొట్లాలు తేలతాయి.

అమ్మ నిన్ను అడిగింది. టికెట్ తీసుకోగానే మెసేజ్ పెట్టు.

నీ పక్క బెంచీవాడు