నీటి పరీక్ష నేర్పిన ఆ ఉద్యోగి గారికి కృతజ్ఞతలు

నల్లగొండ జిల్లాలోని మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలు ఊరి చేతిపంపుల్లో, బోర్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో తేల్చే ప్రాజెక్టు చేపట్టినప్పుడు, మేము తెప్పించిన కిట్టులోని రసాయనానికి గడువు తీరిపోయిందని గుర్తించి, పేరైనా చెప్పకుండా తన సొంత కిట్టు తెచ్చి ఇచ్చిన నీటి పరీక్షల ఉద్యోగి గారికి పాఠశాల తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను.

ఆయన వరండాలో పిల్లల మధ్య నేలమీద కూర్చుని, జిర్కోనియం రసాయనం చుక్కలు కలిపినప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు గులాబీ రంగు నుంచి పసుపు రంగుకు తిరగడాన్ని, ప్రతి విద్యార్థి చేతా గాజు గొట్టం పట్టించి మరీ చూపించారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్న ప్రమాణాన్ని అంత శ్రద్ధగా నేను కూడా ఎన్నడూ బోధించలేదు. తన నాయనమ్మ నడుము ఎందుకు వంగిపోయిందని ఒక అమ్మాయి అడిగితే, ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ కీళ్లను ఎలా బిగిస్తుందో దాపరికం లేకుండా, ఎంతో ఓర్పుగా వివరించారు.

మిషన్ భగీరథ నీరు ఇళ్లకు వస్తున్నా పొలాల దగ్గర ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతున్నారు కనుక, ఫ్లోరైడ్ ఎక్కువని తేలిన పంపులకు పిల్లలు ఎర్ర రంగు పూశారు. అయ్యా, మీ కిట్టులో రసాయనం ఇంకా కొంత మిగిలింది. మీరు కాదనరన్న నమ్మకంతో పక్క ఊరి పిల్లలకు అందజేస్తున్నాము.