రష్యన్ 'మ్యోద్' మన 'మధు' నుంచి వెళ్లలేదు

సంపాదకులకు,

రష్యన్లు తేనెను 'మ్యోద్' అంటారనీ, అది సంస్కృత 'మధు' నుంచి వెళ్లిందేననీ ఆదివారం అనుబంధంలో రాశారు. చుట్టరికం నిజమే, రెండూ ఒకే పాత మూలభాష నుంచి వచ్చినవి. అరువు అన్నదే తప్పు. (ఆ మాటకొస్తే అరువు మనది. తెలుగుకు సొంత మాట తేనె, మధువు సంస్కృతం నుంచి తెచ్చుకున్నది.)

రష్యన్ చేరిన స్లావిక్ భాషల కుటుంబానికి రాత 9వ శతాబ్దంలో వచ్చింది. అంతకుముందరి ఆది స్లావిక్ (ఈ భాషలన్నిటి ఉమ్మడి పూర్వరూపం)లో 'మ్యోద్'కు పాత రూపమైన *మెదు ఎక్కడా రాసి దొరికింది కాదు. రష్యన్, పోలిష్, చెక్ రూపాలు పోల్చి పండితులు కట్టిన రూపం. ముందున్న నక్షత్రం గుర్తుకు అర్థం అదే, అచ్చులో దాన్ని ఎగరగొట్టకండి.

ఇక ఎకారం చూడండి. మూలభాషలోని పాత హ్రస్వ ఎ, ఒ, అ మూడూ సంస్కృతంలో అకారమైపోయాయి. లిథువేనియన్ 'మెదుస్', గ్రీకు 'మెథు' (అక్కడ ద్రాక్షసారా) ఎకారాన్ని నిలుపుకున్నాయి. ఆది స్లావిక్‌లోకి 'మధు' అరువు వెళ్లి ఉంటే 'మొదు' అయ్యేది. అక్కడ పాత హ్రస్వ అకారం ఒకారంగా మారింది.

అసలు మజా ఎలుగుబంటి పేరులో ఉంది. *మెద్వేది అంటే మెదు + ఏద్, తేనె తినేది. అచ్చు ముందు ఉకారం వకారమైంది, మన యణాదేశంలాగే. ఋగ్వేదంలోనూ (1.164.22) 'మధ్వదః' ఉంది, కాకపోతే అక్కడ తినేవి పక్షులు. 'వేద్' అంటే తెలియడమనీ, తేనె జాడ తెలిసిన జంతువనీ విడగొట్టడం తర్వాతి కాలపు ఊహ.

స్లావిక్‌లో ద, ధ కలిసిపోయినా తేడా అచ్చులో మిగిలింది. పాత 'ద' ముందు అచ్చు దీర్ఘమైంది, 'ధ' ముందు కాలేదు. ఇది వెర్నర్ వింటర్ 1978లో ప్రచురించిన సూత్రం. *మెద్వేదిలో మొదటి ఎ పొట్టిది ('మధు'లో ధ), రెండోది పొడుగుది (తినడానికి సంస్కృత ధాతువు 'అద్'లో ద). ఒక్క మాటలో రెండు సాక్ష్యాలు!

ఎలుగుకు అసలు పాత పేరు సంస్కృతంలో ఋక్షం, గ్రీకులో అర్క్తోస్, లాటిన్‌లో ఉర్సుస్. స్లావులు దాన్ని వదిలేశారు. పేరెత్తితే మీదికొస్తుందన్న భయమే కారణమని ఎక్కువమంది పండితులంటారు. మనవాళ్లు పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అన్నట్టు. ఆ మారుపేరూ తర్వాత కుదురుగా లేదు: రష్యన్‌లో మెద్వేద్, పోలిష్‌లో మకారం నకారమై 'నేజ్వేజ్', ఉక్రేనియన్‌లో ముందూవెనకా తారుమారై 'వెద్మీద్'. బల్గేరియన్లు మాత్రం ఎక్కువగా 'మెచ్కా' అంటారు.

— భాషాశాస్త్ర అధ్యాపకుడు, విశాఖపట్నం