స్క్రూకి ముందు బెజ్జం వేయించండి

సంపాదకుల వారికి, నమస్కారం.

సిరిమాను పండుగలోపు తలుపులూ కిటికీలూ బాగుచేయించుకునే రోజులివి. వానకి ఉబ్బి పట్టేసిన తలుపుని దింపి, చిత్రిక పట్టి, మళ్లీ ఎక్కించేటప్పుడు మడతబందు స్క్రూ తల పుటుక్కున తెగడం మా విజయనగరంలో ఏ వీధిలోనైనా చూసేదే. ఇంటివాళ్లు స్క్రూ నాసిరకమంటారు, పనివాళ్లు కర్ర మరీ గట్టిదంటారు. చాలాసార్లు రెండూ కాదు. బెజ్జం వేయకుండానే బిగించి ఉంటారు, లేదా వేయాల్సిన దానికన్నా సన్నగా వేసి ఉంటారు.

ఇప్పుడు షాపులో "తలుపు స్క్రూలివ్వండి" అంటే చాలాచోట్ల చేతిలో పెట్టేది నల్ల జిప్సం స్క్రూ. అది సీలింగుకీ గోడలకీ జిప్సం బోర్డు బిగించడానికి చేసినది. మొన వాడిగా, మర (స్క్రూ ఒంటి చుట్టూ మెలికలా తిరిగే అంచు) పదునుగా ఉండి ప్లైవుడ్‌లోకి సులువుగా దిగుతుంది, అందుకే అందరికీ ముద్దు. కానీ బాగా గట్టిపరిచిన ఉక్కు కావడంతో పెళుసు. వంగదు, ఒక్కసారిగా తెగుతుంది. పాత వేగిస ద్వారబంధంలోకో మద్ది కర్రలోకో మెషీన్‌తో తోస్తే సగం కూడా దిగకముందే తల ఊడొస్తుంది. పైగా ఆ నల్ల పూత ఉప్పుగాలికి ఆగదు. కళింగపట్నం, బారువ వైపు ఇళ్లకి స్టెయిన్‌లెస్ స్టీలే మేలు. అదీ మెత్తని లోహమే, బెజ్జం సన్నమైతే అదీ తెగుతుంది.

తలుపుకి కావలసింది తల కింద కొంతమేర మర లేకుండా నున్నగా ఉండే చెక్క స్క్రూ. నంబరంటే లావు: 6వ నంబరు సుమారు 3.5 మి.మీ., 8వది 4.2, 10వది 4.8. ఏది కావాలో మడతబందే చెబుతుంది. దాని బెజ్జంలో పెడితే స్క్రూ తల రేకుతో సమంగా కూర్చోవాలి. పైకి తేలిన తల ఎదుటి రేకుకి తగిలి తలుపు పూర్తిగా పడదు. అది తెలియక పాపం తలుపు అంచునే మళ్లీ మళ్లీ చిత్రిక పడుతుంటారు.

ఇక బెజ్జం సంగతి. మద్ది, వేగిస, నల్లతుమ్మ వంటి గట్టి కర్రలో 6వ నంబరుకి 2.5 మి.మీ., 8కి 3, 10కి 3.5 మి.మీ. డ్రిల్లు బిట్టు వాడాలి. మామిడిలాంటి మెత్తని కర్రకి ఒక్కోదానికి అర మి.మీ. తగ్గించండి. లెక్క గుర్తులేకపోతే బిట్టుని స్క్రూ ముందు అడ్డంపెట్టి, ఒక కన్ను మూసి చూడండి. స్క్రూ నడుమ కాడ బిట్టు వెనక దాగిపోయి, మర అంచులు మాత్రం రెండువైపులా కనబడితే అదే సరైన బిట్టు. స్క్రూ పొడవు దగ్గర బిట్టుకి టేపు ముక్క చుట్టి, అంత లోతూ వేయాలి. లోతు చాలకపోతే మొన అడుగున తన్ని ఆగిపోతుంది, మెషీన్ మాత్రం తిప్పుతూనే ఉంటుంది. విరిగేది అక్కడే.

రెండు చెక్కలు కలిపేటప్పుడు పై చెక్కలో స్క్రూ వదులుగా జారిపోయేంత బెజ్జం ఉండాలి. లేదంటే మర రెండింటినీ పట్టుకుని మధ్య సందు అలాగే ఉండిపోతుంది. ఆ సందు మూయాలని ఇంకా బిగిస్తారు, తల తెగుతుంది.

మరకి కొవ్వొత్తి మైనం రాయండి. సబ్బు వద్దు, అది చెమ్మ పట్టి స్క్రూని తుప్పు పట్టిస్తుంది. మెషీన్ నెమ్మది గేరులో ఉంచి, చివరి రెండు చుట్లు చేత్తో తిప్పండి. స్క్రూ తిప్పే ప్లస్ బిట్టు 6, 8 నంబర్లకి 2వది, 10కి 3వది. అరిగిన బిట్టుని దాచుకోవద్దు, అది స్క్రూ తల మీది గాడి తినేస్తుంది. సుత్తితో ముప్పాతిక దిగ్గొట్టి చివర రెండు తిప్పులు తిప్పే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అప్పుడు స్క్రూ విరగదు, నిజమే. కానీ మర పట్టాల్సిన కర్ర నార చిట్లిపోయి, అది మేకుతో సమానమవుతుంది. బరువైన తలుపు కొన్నాళ్లకే కిందికి జారి గడపని రాస్తుంది.

సింహద్వారపు ఇత్తడి బందులకి ఇత్తడి స్క్రూలే వాడాలి, ఇనపవి వాటి పక్కన త్వరగా తుప్పెక్కుతాయి. ఇత్తడి మరీ మెత్తన. ముందు అదే కొలత ఇనప స్క్రూని పూర్తిగా బిగించి, తీసేసి, ఆ దారిలో ఇత్తడిది చేత్తో ఎక్కించాలి.

తెగినా మొండెం కాస్త పైకుంటే పకారుతో పట్టి వెనక్కి తిప్పొచ్చు. లోపల ఉండిపోతే చుట్టూ తవ్వి తీసి, ఆ గుంతలో కర్ర బిరడా ఫెవికాల్‌తో దిగ్గొట్టి, మర్నాడు కొత్త బెజ్జం వేయాలి. బిరడా నార ద్వారబంధం నారతో ఒకే వాటంలో ఉండేలా చూడండి, నారకి అడ్డంగా కోసిన చివర్లో స్క్రూ పట్టు తక్కువ.

తలుపుకి మూడు బందులు, బందుకి ఎనిమిది స్క్రూలు అనుకుంటే ఇరవైనాలుగు బెజ్జాలు. తలుపుకింత అని కూలి మాట్లాడుకునే చోట ఈ పనికి ఎవరూ లెక్కకట్టరు, అందుకే ఎగ్గొడతారు. ఇంటివాళ్లు ఆ కాస్త కూలి విడిగా ఇస్తామని ముందే చెప్పాలి. హార్డ్‌వేర్ షాపులవాళ్లు కర్ర ఏదని అడిగి, స్క్రూల పొట్లంతోపాటు దానికి సరిపడే డ్రిల్లు బిట్టూ చూపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వడ్రంగి, విజయనగరం