వానకు ముందు వచ్చే గాలి గురించి మంత్రిగారికి బహిరంగ లేఖ

రాష్ట్ర విపత్తుల నిర్వహణ శాఖ మంత్రిగారికి నమస్కారం.

నేను హైస్కూల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మెహిదీపట్నంలో ఉంటాను. మొన్న మే నెలలో ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీద్దామని మేడ ఎక్కాను. పడమట మబ్బు కమ్ముకుని ఉంది, మా నెత్తిన మాత్రం ఇంకా ఎండే. తాడు మీది చీరల కొంగులు మబ్బు వైపే ఎగురుతున్నాయి. కాసేపటికి గాలి స్తంభించింది. అంతలోనే మట్టివాసన, దుమ్ము; అవే చీరలు తూర్పుకు తిరిగి తాడుతో సహా లేచాయి. ఎక్కడిదో రేకు ఒకటి మా నీళ్ల ట్యాంకు పక్కన దభీమని పడింది. మొదటి చినుకు రాలింది ఆ తర్వాత పావుగంటకు. ఫోనుకు హెచ్చరిక ఇంకా ఆలస్యంగా వచ్చింది: ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చట. జల్లులకు గొడుగు ఉంది మంత్రిగారూ, రేకుకు ఏముంది?

చీరలు రెండు దిక్కులకూ ఎందుకు ఎగిరాయో చెబితే నా విన్నపం మీకు అర్థమవుతుంది. క్యుములోనింబస్ మేఘం, అంటే ఉరుములు మెరుపులు తెచ్చే మబ్బు, చుట్టూ ఉన్న వేడి, తేమ గాలిని కిందినుంచి లాక్కుంటూ పది, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. కొంగులు మొదట అటు ఎగిరింది అందుకే. లోపల వాన మొదలయ్యాక కథ తిరగబడుతుంది. మన ఎండాకాలంలో మబ్బు అడుగుభాగం నేలకు చాలా ఎత్తున ఉంటుంది, దాని కింద గాలి పొడిగా ఉంటుంది. పడుతున్న చినుకులు దారిలోనే ఆవిరవుతూ, మట్టికుండ నీళ్లను చల్లబరిచినట్టు, ఆ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకుతుంది. బిందెడు నీళ్లు గచ్చు మీద గుమ్మరిస్తే ఎలా పరుచుకుంటాయో అలా నేల మీద అన్ని వైపులా పరుచుకుంటుంది. ఈదురుగాలి అంటే అదే. దాని అంచు మీద ఒక్కోసారి నల్లటి అరుగులాంటి మబ్బు కనిపిస్తుంది. ఆ అంచు వేడిగాలి కిందికి చొరబడి దాన్ని పైకి ఎగదోస్తే పక్కనే మరో మబ్బు పుడుతుంది. ‘తగ్గింది కదా’ అని బయలుదేరినవాళ్లు రెండోసారి తడిసేది అందుకే. చినుకులు నేలకు చేరకముందే ఆవిరైపోతే గాలి మాత్రమే వస్తుంది, వాన రాదు. ఆ రోజు వర్షపాతం పట్టికలో సున్నా ఉంటుంది, వీధిలో చెట్టు పడి ఉంటుంది.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో గాలిదుమారానికి 120 అడుగుల హోర్డింగు పెట్రోలు బంకు మీద కూలి 17 మంది పోయారు. వాళ్లలో వాన నుంచి తలదాచుకోవడానికి అక్కడ ఆగినవాళ్లూ ఉన్నారు.

నగరంలో వాన, గాలి కదలికలను పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది. ఈదురుగాలి అంచున ఎగిరే దుమ్మూ పురుగులూ దాని తెర మీద సన్నని గీతలా కనబడతాయి. ఆ చల్లగాలి పొర మందం చాలాసార్లు కిలోమీటరుకు మించదు; దూరం పెరిగేకొద్దీ రాడార్ కిరణం దాని పైనుంచి పోతుంది కాబట్టి దూరంలో ఉంటే రాడార్‌కు అందదు. అక్కడ నేల మీది స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు అక్కరకొస్తాయి. రాష్ట్రంలో అవి వెయ్యికి పైగా ఉన్నాయి. నగరానికి పడమరనున్న శంకర్‌పల్లిలో నిమిషాల్లో ఉష్ణోగ్రత ఏడెనిమిది డిగ్రీలు పడిపోయి, గాలి దిక్కు మారిందంటే ఈదురుగాలి బయలుదేరినట్టే, ఇక చర్చ అక్కర్లేదు. ఆ అంచు గంటకు 50 కిలోమీటర్లతో కదిలితే కోకాపేటలో భవనాలు కడుతున్న క్రేన్లకు పాతిక నిమిషాల వ్యవధి ఉంటుంది, మాకు నలభై. క్రేను మీది మనిషి కిందికి దిగడానికి ఆ వ్యవధి చాలు. కాబట్టి గాలి హెచ్చరికను వాన హెచ్చరికలో కలపకుండా విడిగా పంపించండి: ఎటునుంచి, ఎంత వేగంతో, ఎన్ని నిమిషాల్లో. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగేలా అత్యవసర సందేశాలను పరీక్షించి చూశారు కదా, ఆ దారి ఉండనే ఉంది.

ఇంకొకటి ఖర్చు లేనిది. 1974లో అమెరికాలో టోర్నడోల (సుడిగాలుల) నష్టాన్ని విమానంలోంచి చూస్తున్న జపాన్ శాస్త్రవేత్త ఫుజిటాకు, అడవిలో చెట్లు ఒక బిందువు నుంచి నలువైపులకూ పడి ఉండటం కనిపించింది. అణుబాంబు పడ్డాక నాగసాకిలో తాను చూసిన దృశ్యం ఆయనకు గుర్తొచ్చింది. పైనుంచి గాలి కుమ్మరించినట్టు పడుతుందన్న ఊహకు అక్కడ బీజం పడింది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో దిగబోతూ కూలిన విమానానికి కారణం అదేనని ఆయన తేల్చాడు. మన దగ్గర పడిన తురాయి చెట్టును గంటలో రంపంతో కోసి లారీకెత్తుతారు. అది అవసరమే, కాదనను. కోసే ముందు ఒక ఫోటో తీసి, చెట్టు ఏ దిక్కుకు పడిందో, ఎన్ని గంటలకో రాసుకోమని సిబ్బందికి చెప్పండి. నాలుగు వేసవుల్లో ఈ నగరం మీద గాలి ఎక్కడెక్కడ ఎలా దిగుతోందో పటం తయారవుతుంది. హోర్డింగులకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆ పటం ముందు పెట్టుకోవచ్చు.

మా మేడ మీద పడ్డ రేకు ఎవరిదో నాలుగు వీధులు తిరిగి అడిగాను. ఎవరూ తమది అనలేదు. మళ్లీ ఎగరకుండా ట్యాంకుకు కట్టి ఉంచాను.

భవదీయుడు,
రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
మెహిదీపట్నం, హైదరాబాద్