చక్రం విప్పి చూపించిన మేస్త్రీ గారికి కృతజ్ఞతలు

గత నెలలో చిత్తూరులో నేను ఒక పాత ఆడి టీటీ కారు కొన్నాను. అది 2012 మోడల్, బెంగళూరులో రిజిస్టర్ అయిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. ఈ కొనుగోలులో నాకు పెద్ద నష్టం, బహుశా పెద్ద ప్రమాదం కూడా, జరగకుండా కాపాడినవారు ముగ్గురు ఉన్నారు: రేణిగుంట రోడ్డులో షెడ్డు నడుపుతున్న టింకరింగ్ మేస్త్రీ గారు, చిత్తూరులో వీల్ అలైన్‌మెంట్ చేసే తమ్ముడు, చెన్నైలో ఉంటున్న మా పిన్ని కొడుకు. మేస్త్రీ గారు తన పేరు ఎక్కడా రాయవద్దని గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. అయినా ఆయన చేసిన మేలును నా ఒక్కడి దగ్గరే దాచుకోవడానికి మనసొప్పక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కారును మొదటిసారి నేను ఒక్కడినే వెళ్లి చూశాను. రంగు మెరుస్తోంది, సీట్లు బాగున్నాయి, మూడు చక్రాల అంచుల మీద మాత్రం ఫుట్‌పాత్ రాళ్లకు రాసుకున్న గీతలు ఉన్నాయి. నాలుగోది, అంటే ఎడమవైపు వెనుక చక్రం, కొత్తదానిలా ఉంది. ఆ మూడింటికీ రంగు వేయించడానికి ఎంతవుతుందో లెక్క వేసుకుని, అంత మేరకు ధర తగ్గించమని అడిగి, బయానా ఇచ్చేద్దామన్న నిర్ణయంతో తిరుపతికి తిరిగి వచ్చాను. మా నాన్నగారి కారు పనులన్నీ ఏళ్ల తరబడి చేస్తున్న మేస్త్రీ గారికి ఈ సంగతి చెబితే, ఆయన అంతా విని ఒక్కటే అడిగారు: "మూడు చక్రాలకు గీతలుంటే, ఆ నాలుగోదానికి ఎందుకు లేవు సామీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన ఆదివారం షెడ్డు మూసేసి, నాతోపాటు డెబ్బై కిలోమీటర్లు ప్రయాణం చేసి చిత్తూరు వచ్చారు.

లప్పం పట్టించిన చోట అయస్కాంతం అంటుకోదని ఎప్పుడో విన్నందువల్ల, నేను చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. తలుపు మీద పెడితే గట్టిగా పట్టుకుంది. ముందు మడ్‌గార్డ్ మీద పెడితే జారి నా చేతిలో పడింది, బానెట్ మీద పెట్టినా అదే జరిగింది. ముందు భాగమంతా లప్పమేనన్న నిశ్చయానికి వచ్చి, యజమానితో మాట తూలబోతున్న సమయంలో మేస్త్రీ గారు నా చేయి పట్టుకుని ఆపారు. ఈ తరం టీటీ బాడీలో 69 శాతం అల్యూమినియం, మిగిలినది స్టీలు అని, బానెట్టూ ముందు మడ్‌గార్డులూ అల్యూమినియంవి, తలుపులూ డిక్కీ మూతా వెనుక ఫ్లోరూ స్టీలువి అని, ముందున్న ఇంజన్ బరువుకు తూకంగా వెనుక వైపు స్టీలు వాడారని ఆయన వివరించారు. అల్యూమినియానికి అయస్కాంతం ఎలాగూ అంటుకోదు కనుక నా పరీక్ష అక్కడ చెల్లదు. ఆ క్షణంలో ఆయన ఆపకపోతే, ఏ పాపమూ ఎరుగని ఒక పెద్దమనిషిని ఆయన ఇంటి ముందే నిలబెట్టి అవమానించి ఉండేవాణ్ణి. నా కృతజ్ఞతలో మొదటి వంతు దీనికే.

అల్యూమినియం మీద కూడా పనిచేసే రంగు మందం మీటరును ఆయన తెలిసినవారి దగ్గర అడిగి తెచ్చారు. ఇనుము మీద మాత్రమే కొలిచే చౌకరకం మీటర్లు ఇలాంటి కార్లకు పనికిరావట. కంపెనీ రంగు మందం మామూలుగా 80 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, మళ్లీ రంగు వేస్తే 200 దాటుతుంది, లప్పం ఉంటే 1000 కూడా దాటవచ్చు. తలుపుల మీద 110, 120 వచ్చింది, డిక్కీ మీద కూడా అంతే. ఎడమ ముందు మడ్‌గార్డ్ మీద మాత్రం 280 వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే, ఆ మడ్‌గార్డ్ బోల్టుల తలల మీద స్పానర్ పట్టిన చోట రంగు లేచిపోయి ఉంది. అప్పుడు మేస్త్రీ గారు కారు బీమా పాలసీ చూపించమన్నారు. అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి ఆ బోనస్ 20 శాతం నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది కాబట్టి, సున్నా ఉంటే ఈమధ్య ఏదో క్లెయిమ్ జరిగి ఉండవచ్చని ఆయన అనుమానం. అడిగితే యజమాని వెంటనే ఒప్పుకున్నారు, ఏడాది కిందట ఆటో రాసుకుపోతే ఆ మడ్‌గార్డ్ బాగు చేయించారట. మీటరు చెప్పిందీ, పాలసీ చెప్పిందీ, మనిషి చెప్పిందీ ఒక్కటే అయ్యేసరికి నాకు ఆ యజమాని మీద నమ్మకం కుదిరింది. డిక్కీలో కార్పెట్ తీసి చూస్తే స్పాట్ వెల్డింగ్ గుంటలన్నీ గుండ్రంగా, ఒకే దూరంలో ఉన్నాయి, అతుకుల మీద సీలెంట్ చెక్కుచెదరలేదు. వెనుక నుంచి గుద్దుడు పడలేదని తేలిపోయింది.

ఇక చక్రాలు. కారును దగ్గరలోని అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్లాం. గీతలు పడిన మూడు చక్రాలనూ బ్యాలెన్సింగ్ మిషన్ మీద తిప్పితే నిశ్చలంగా తిరిగాయి, ఆ గీతలు పైపై అందానికి సంబంధించినవే. నాలుగోదాన్ని ఎక్కించి, షాపు తమ్ముడు రిమ్ము లోపలి అంచు దగ్గర స్క్రూడ్రైవర్ మొన కదలకుండా పట్టుకున్నాడు. చక్రం తిరుగుతుంటే ఆ మొనకూ రిమ్ముకూ మధ్య సందు ఒక చోట పూర్తిగా మూసుకుపోయి, మరో చోట దాదాపు మూడు మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది. మేస్త్రీ గారు టైరు విప్పించి, గుడ్డకు థిన్నర్ అద్ది లోపలి వైపు తుడిచారు. నల్ల రంగు కరిగి గుడ్డకు అంటింది. దాని కింద రెండంగుళాల పొడవున, చీమల బారులాగా గరుకుగా, వెండి రంగు వెల్డింగ్ గీత బయటపడింది. ఆ గీత చివర వెంట్రుకవాసి చీలిక మళ్లీ మొదలై ఉంది.

టైరు పరిమాణం 245/40 ఆర్18. అంటే టైరు పక్కగోడ ఎత్తు 98 మిల్లీమీటర్లు మాత్రమే. గుంత అంచు తగిలినప్పుడు ఆ దెబ్బను మింగేందుకు రబ్బరు చాలక రిమ్మే తింటుంది, అదీ బయటికి కనిపించని లోపలి అంచే ఎక్కువగా వంగుతుంది. కొద్దిగా వంగిన రిమ్మును సరిచేయించుకోవచ్చు గానీ, పగిలి వెల్డింగ్ అయినదాన్ని నమ్మకూడదని, అల్లాయ్‌కి వేడి ప్రక్రియతో వచ్చిన గట్టిదనం వెల్డింగ్ చుట్టూ పోతుందని, అందుకే పక్కనుంచి మళ్లీ చీలుతుందని మేస్త్రీ గారు ఆ గీత మీద వేలు పెట్టి చూపించారు. "ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని కొండ దిగేటప్పుడు, మలుపులో ఇది విచ్చుకుంటే ఏం చేస్తావు సామీ?" అన్నారు. తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డులో ఎన్నిసార్లు దిగానో నాకు లెక్క లేదు, ఆ మాటకు నా ఒళ్లు జలదరించింది.

ఆ చక్రానికున్న టైరు పక్కగోడ మీద, డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర 4116 అని ఉంది, అంటే 2016లో 41వ వారంలో తయారైంది. మిగిలిన మూడూ 2021వి. నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి వెళ్లే కారులో ఒకే ఇరుసు మీద అరుగుదల వేర్వేరుగా ఉన్న టైర్లు ఉండకూడదు కాబట్టి, వెనుక జత రెండూ మార్చాలని నిర్ణయించాం. అలైన్‌మెంట్‌లో ఎడమ వెనుక క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం, పరిధి దాటి ఉంది. నాకు గుండె జారింది. అయితే షాపు తమ్ముడు ఓపికగా బోల్టు సర్ది పరిధిలోకి తెచ్చి, చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్ వంగి ఉంటే ఇలా సర్దుకోదని చెప్పి, ముందూ వెనుకా రెండు రీడింగుల కాగితాలూ నా చేతికిచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని అతను చేసిన ఆ రెండు గంటల పనికి బ్యాలెన్సింగ్ ధర మాత్రమే తీసుకున్నాడు.

వెల్డింగ్ చూసి యజమాని నిజంగానే నివ్వెరపోయారు. రెండేళ్ల కిందట తాను కొన్నప్పుడే చక్రం అలా ఉందని, కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తానని అన్నారు. మేస్త్రీ గారు, "అంత మాటెందుకు, చక్రం విప్పనిచ్చారు, అదే చాలు" అని ఆయనకు నచ్చజెప్పి, చక్రం, రెండు టైర్లు, మడ్‌గార్డ్ రంగు, ఒక్కొక్కదానికీ లెక్క కాగితం మీద రాశారు. ధరలో 1,20,000 రూపాయలు తగ్గింది. ముక్కూమొహం తెలియని మనుషులు తన కారును నిలువునా విప్పి చూస్తుంటే ఓర్చుకున్న ఆ యజమానికి కూడా నేను రుణపడి ఉన్నాను.

చక్రం కోసం మా పిన్ని కొడుకు రెండు శనివారాలు చెన్నై పుదుపేట దుకాణాలన్నీ తిరిగాడు. చూడటానికి ఒకేలా ఉన్నా సరిపోదు, అయిదు బోల్టుల వలయం వ్యాసం 112 మిల్లీమీటర్లు, నడిమి రంధ్రం 57.1 మిల్లీమీటర్లు, వెడల్పూ ఆఫ్‌సెట్టూ (చక్రం నడిమి గీత నుంచి బిగింపు తలం ఉండే దూరం) పాతదానితో సమానం కావాలి. దొరికిన ప్రతి చక్రానికీ లోపలి వైపు థిన్నర్ గుడ్డతో తుడిచి, వీడియో తీసి, మేస్త్రీ గారికి పంపాడు. ఆయన నాలుగింటిని వద్దని, అయిదోదాన్ని ఒప్పుకున్నారు. అది బిగించాక నాయుడుపేట రోడ్డులో నడిపి చూస్తే స్టీరింగ్‌లో గానీ సీటు కింద గానీ వణుకు లేదు.

మేస్త్రీ గారికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పగిలిన చక్రాన్ని పారేయకుండా తనకివ్వమని మాత్రం అడిగారు. ఇప్పుడది ఆయన షెడ్డు గోడకు, వెల్డింగ్ వైపు బయటికి కనిపించేలా వేలాడుతోంది. నిన్న వెళ్లేసరికి కొత్తగా పనిలో చేరిన ఇద్దరు పిల్లలను దాని ముందు నిలబెట్టి, ఒకడి వేలు పట్టుకుని ఆ గీత వెంట నడిపిస్తున్నారు.