ఆ 5.2 లక్షల సంగతి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటే నాకూ టెన్షన్ వచ్చింది. న్యుమోనియా తగ్గింది, జ్వరం పోయింది, ఇప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 5.2 లక్షలున్నాయని దిగులు. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ముప్పై ఏళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్నా, ఫోన్‌లో నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది కాలేయాన్ని తట్టిలేపి ప్లేట్‌లెట్లను పుట్టించే థ్రాంబోపోయిటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారు చేయిస్తుంది. దాంతో ఎముక మజ్జలో ప్లేట్‌లెట్లు జోరుగా పుడతాయి. నీ రిపోర్టులో పెరిగి కనిపించిన సీఆర్‌పీ అనే ప్రోటీన్, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజెన్ కూడా కాలేయం చేత అదే చేయిస్తుంది. ఇన్‌ఫెక్షన్ తర్వాత ఇలా పెరిగిన కౌంట్ సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే దిగుతుంది.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది మాత్రం కౌంట్ కాదు. ఎన్ని ప్లేట్‌లెట్లు ఉన్నాయో మెషిన్ చెబుతుంది, వాటిలో ఎన్ని రెచ్చిపోయి ఉన్నాయో చెప్పదు. రక్తనాళం ఆరోగ్యంగా ఉంటే దాని లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ వదులుతూ వాటిని ఊరుకోబెడుతుంది. ఇన్‌ఫ్లమేషన్, అంటే ఇన్‌ఫెక్షన్ లాంటి వాటి మీద ఒంటి ఎదురుదాడి, మొదలైతే ఆ బుజ్జగింపు తగ్గిపోతుంది. పైగా పొర మీదికి వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ పోగులు వస్తాయి, ప్లేట్‌లెట్లు వాటికి అతుక్కుంటాయి. బ్యాక్టీరియాను గుర్తుపట్టే టోల్ లైక్ రిసెప్టర్లు ప్లేట్‌లెట్ల మీద కూడా ఉంటాయి తెలుసా! బిళ్లలా ఉన్న కణం కాస్తా ముళ్లు మొలిచినట్టయి, లోపల దాచుకున్న పి-సెలెక్టిన్ అనే ప్రోటీన్‌ను పైకి తెచ్చి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాన్ని పట్టుకుంటుంది. ఆ న్యూట్రోఫిల్ తన డీఎన్ఏనే వలలా విసురుతుంది. ఆ వలలో మరిన్ని ప్లేట్‌లెట్లు చిక్కుకుంటాయి. ఇక ఎవరు ఎవరిని ఎగదోశారో తేల్చడం కష్టం.

ఇంకో వింత. మామూలు కణాల్లో కేంద్రకంలోకి వెళ్లి ఇన్‌ఫ్లమేషన్ జన్యువుల్ని పనిచేయించే ఎన్ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్, కేంద్రకమే లేని ప్లేట్‌లెట్‌లోనూ ఉంటుంది. ఇది మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను.

ఆస్పిరిన్ వేసుకోనా అని అడిగావు. డాక్టర్ చెప్పకుండా వద్దు. అది కాక్స్-1 అనే ఎంజైమును శాశ్వతంగా ఆపేసి, ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టే థ్రాంబాక్సేన్ రాకుండా చేస్తుంది. కేంద్రకం లేదు కాబట్టి ప్లేట్‌లెట్ కొత్త ఎంజైము చేసుకోలేదు. బతికే ఆ 7 నుంచి 10 రోజులూ అంతే. అయినా అది మూసేది ఒక్క దారినే, నేను పైన రాసిన మిగతావి తెరిచే ఉంటాయి. రక్తస్రావం భయం మాత్రం అదనం.

రోజంతా మంచం మీదే ఉండకు, కాస్త నడువు. కాలు ఒకవైపే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, నాకు ఫోన్ చేసే ముందు ఆసుపత్రికి వెళ్లు. డాక్టర్ చెప్పిన రోజున మళ్లీ టెస్టు చేయించు. స్లైడ్ ఫొటో ఇస్తామంటే తీసుకుని పంపు తల్లీ, నాకు చూడాలని ఉంది.

నాన్న