మెమో ఏఎన్ఎంకేనా?

సంపాదకులకు,

పదో తరగతి పిల్ల గర్భం సంగతి పైకి చెప్పలేదని ఏఎన్ఎంకు మెమో ఇచ్చారని గత వారం మీ పత్రికలో చదివాను. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టలేదు. 31 ఏళ్లు ఏఎన్ఎంగా చేసి రిటైరయినదాన్ని.

దాచడం తప్పే. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. చట్టం వచ్చింది 2012లో. నేను దిగిపోయేదాకా ఈ రెండు ముక్కలూ మాకు చెప్పిన అధికారి లేడు. టీకాల టార్గెట్ తగ్గితే మాత్రం మీటింగులో అందరి ముందూ నిలబెట్టి అడిగేవారు.

ఒకసారి బాలింతను చూడబోయి, తూకం వేద్దామని బిడ్డ బట్ట విప్పాను. తొడ మీద వేళ్ల అచ్చులు. నెల కూడా నిండని బిడ్డ. "ఉయ్యాల తాడు ఒరుసుకుందండి నర్సమ్మగారూ" అంది అత్తగారు. తల్లి తల ఎత్తలేదు. తాడు ఒరుసుకుంటే నాలుగు వేళ్ల అచ్చు పడుతుందా? పైవాళ్లకు చెప్పాను. "మనకెందుకమ్మా, రేపు ఆ వీధిలోకి నిన్ను రానిస్తారా?" అన్నారు. వారానికోసారి ఏదో వంకతో ఆ ఇంటికి వెళ్లి బిడ్డను చూసి వచ్చేదాన్ని. పిల్లల సాయం కోసం ఉన్న 1098 నంబరుకు ఫోన్ చేయొచ్చని కూడా అప్పుడు నాకు తోచలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఆస్పత్రిలో కాన్పయినా 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్లాలి. డాక్టరుగారు, ఎస్సైగారు పడకగది దాకా వెళ్లరు. పసిబిడ్డ ఒళ్లు చూసేది మా వాళ్లే. వాళ్లకేమో ఏడాదికో కొత్త యాప్, దాని టెన్షన్. దెబ్బ కనపడితే ఏం చేయాలో నేర్పడానికి ఒక్క పూట దొరకదా? చెప్పింది ఫలానా నర్సమ్మే అని స్టేషన్ నుంచి ఊళ్లోకి పొక్కితే, మర్నాడు ఆమె ఆ ఊరికి ఎలా వెళ్తుంది?

ఆ పిల్ల నెలల తరబడి బడికి రాలేదని మీరే రాశారు. ఎందుకు రాలేదని అడగని హెడ్మాస్టరుకు మెమో ఇచ్చారా? దయచేసి అదీ కనుక్కుని రాయండి.

– ఒక రిటైర్డ్ ఏఎన్ఎం